కొండబడిలో పరిసరాల పాఠం

పరిసరాల విజ్ఞానం పరిసరాలలోనే నేర్వవలసిన విద్య అని అంగీకరించని ఉపాధ్యాయుడు లేడు. ఐనా ఆచరణలో ఆ పాఠం చాలాచోట్ల రెండు మూడు తంతులుగా మిగిలిపోతున్నది. ప్రపంచ పర్యావరణ దినోత్సవం జూన్ 5వ తేదీన వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో బడులు సాధారణంగా జూన్ రెండవ వారంలో గాని తెరవరు. కనుక ఆ ఉత్సవం బడి తెరచిన తరువాత జరుగుతుంది, లేదా జూలైలో వనమహోత్సవంలో కలిసిపోతుంది. ఒక మొక్క నాటుతారు, గోడమీద ఒక నినాదం వ్రాస్తారు, ఆవరణ ఊడుస్తారు. మూడూ మంచి పనులే. కాని మంచి పని చేయించటం వేరు, శాస్త్రం నేర్పటం వేరు. మొదటిది జరిగినంత మాత్రాన రెండవది కూడ జరిగిపోయినట్లు లెక్క వ్రాసుకొనటమే విమర్శించదగిన విషయం.

ఈ తేడా మైదానంలోని బడిలో కంటె తూర్పు కనుమలలోని బడిలో స్పష్టంగా కనబడుతుంది. అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. కొండదొర, భగత, వాల్మీకి, కోదు, కొటియ, పోర్జ, గదబ, నూకదొర మొదలైన తెగలవారు ఈ కొండలలో నివసిస్తున్నారు. పల్లంలో వరి, మెట్టలో చోళ్ళు, సామలు, వలిసెలు, పసుపు, చెట్ల నీడన కాఫీ, మిరియాలు. ఇల్లు దాటితే గెడ్డ, గెడ్డ దాటితే కొండ. ఇక్కడి పిల్లలు మూడవ తరగతి పుస్తకంలో ‘పరిసరాలు’ అనే మాట చదివేనాటికే ఏ ఆకు విస్తరికి పనికివచ్చునో, ఏ పుట్టగొడుగు తినరాదో, ఏ ఊట వేసవిలో కూడ ఎండదో ఎరిగి ఉంటారు. అట్టి విద్యార్థికి బడి కొత్తగా ఏమి ఇవ్వాలి? ఇదే అసలు ప్రశ్న.

గీటురాయి ఏది?

ఈ పాఠం బడిలోకి వచ్చిన తీరు ముందుగా గమనించాలి. 1972లో స్టాక్‌హోమ్ నగరంలో జరిగిన ఐక్యరాజ్య సమితి మహాసభ మానవ పరిసరాల సమస్యను ప్రపంచం ముందుంచినది. 1977లో, అప్పటి సోవియట్ జార్జియాలోని తిబిలీసీ నగరంలో జరిగిన సభ పర్యావరణ విద్యకు ఐదు లక్ష్యాలను నిర్ణయించినది. అవి ఎరుక, జ్ఞానం, వైఖరి, నేర్పు, పాల్గొనటం. భారతదేశంలో 1986 జాతీయ విద్యావిధానం ఈ విద్యకు చోటిచ్చినది. ఎం. సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు దీనిని అన్ని తరగతులలోను క్రమంగా తప్పనిసరి చేయవలెనని ఆదేశించినది. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం 3 నుంచి 5వ తరగతి వరకు సామాన్యశాస్త్రాన్ని, సాంఘికశాస్త్రాన్ని ఒకటిగా కలిపి పరిసరాల అధ్యయనంగా నేర్పాలని చెప్పినది.

తిబిలీసీ చెప్పిన ఐదింటిలో ఎరుక, వైఖరి అనేవి నినాదాలతో వచ్చినట్లు కనబడవచ్చు. జ్ఞానం, నేర్పు అట్లా రావు. వాటికి గీటురాయిగా మూడు ప్రశ్నలు వేసుకొనవచ్చు. విద్యార్థి విషయాన్ని తన కంటితో చూచెనా? చూచినదానిని లెక్కించి, కొలిచి, వ్రాసుకొనెనా? ఆ కొలత వలన ఇంటిలో గాని, బడిలో గాని, ఊరిలో గాని ఒక పని తీరు మారెనా? ఈ మూడు ప్రశ్నలతో బడిలో జరిగే పనులను ఒక్కొక్కటిగా పరీక్షించి చూడాలి.

మొక్క నాటటం

వనమహోత్సవాన్ని 1950లో అప్పటి కేంద్రమంత్రి కె. ఎం. మున్షీ ప్రారంభించారు. నాటినుంచి నేటివరకు బడులలో నాటిన మొక్కల సంఖ్య ఘనంగానే చెప్పుకొంటారు. బ్రతికిన మొక్కల సంఖ్య చెప్పేవారు తక్కువ. జూలైలో అరకు కొండలపై వాన ఉంటుంది, ఏది నాటినా పచ్చగా నిలుస్తుంది. పరీక్ష వచ్చేది మార్చి, ఏప్రిల్ మాసాలలో. అప్పుడు మేకలు వస్తాయి, ఎండ వస్తుంది, తరువాత బడికి సెలవులూ వస్తాయి.

ఇరవై మొక్కలు నాటిన బడి వాటికి అంకెలు కట్టి, అక్టోబరులో, జనవరిలో, ఏప్రిల్‌లో లెక్కించినట్లయితే అది పాఠమవుతుంది. పదమూడు బ్రతికి ఏడు చనిపోయినవనుకొందాం. ఆ ఏడూ ఎందుకు చనిపోయినవి? వేరు తెగినదా, పశువు మేసినదా, రాతినేల తగిలినదా? చనిపోయిన మొక్కను బడులు దాచిపెడుతున్నవి. నిజానికి బ్రతికిన పదమూడింటి కంటె చనిపోయిన ఏడింటిలోనే ఎక్కువ శాస్త్రం ఉన్నది.

ఏ మొక్క నాటాలనేది మరొక ప్రశ్న. అరకు కాఫీతోటలలో నీడకోసం సిల్వర్ ఓక్ చెట్లు విరివిగా పెంచుతారు. ఇవి ఆస్ట్రేలియా దేశపు చెట్లు. నిటారుగా, వేగంగా పెరుగుతాయి, మిరియపు తీగ ఎగబ్రాకటానికి అనువుగా ఉంటాయి, కలప అమ్ముడుపోతుంది. రైతు వాటిని ఎన్నుకొనటానికి తగిన కారణం ఉన్నది. పనస, మామిడి వంటి చెట్లు కూడ నీడనిస్తాయి, పైగా తిండినిస్తాయి. ఏది మేలు అనే తీర్పు ఉపాధ్యాయుడు ఇవ్వనక్కరలేదు. సిల్వర్ ఓక్ ఆకులు, పనస ఆకులు చెరొక గుప్పెడు తీసుకొని, పక్కపక్కన రెండు వలసంచులలో కట్టి, మట్టిలో పాతి, నెలకొకసారి తీసి చూస్తే ఏవి త్వరగా మట్టిలో కలిసిపోతున్నవో పిల్లలే చెప్పగలరు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా కాఫీ నీడన పండే పంట. ఆ నీడనిచ్చే చెట్టును గురించి ఆ కొండ పిల్లలకు తెలియకపోవటం పాఠానికే లోపం.

ఇదేవిధంగా వలిసె చేను ఉన్నది. నవంబరు, డిసెంబరు మాసాలలో లోయ అంతా పసుపుపచ్చగా కనిపించేది ఈ పూలవలననే. యాత్రికులు ఆ చేలలో నిలబడి ఫోటోలు తీయించుకొంటారు. వలిసె మొక్క తన పుప్పొడితో తానే గింజ కట్టలేదు. మరొక మొక్క పుప్పొడి కావాలి, దానిని తెచ్చే తేనెటీగ కావాలి. గట్టుమీద కూర్చుండి పది నిమిషాలలో ఒక గజం చేనుపై వ్రాలిన తేనెటీగలను లెక్కించటం నాల్గవ తరగతి పిల్లలకు ఆటవంటి పని. కాని తేనెకు, నూనెగింజకు, అడవికి గల సంబంధాన్ని అది ఏ నినాదం కంటె బాగా చెప్తుంది.

చెత్త పాఠం

పట్టణం కోసం వ్రాసిన చెత్త పాఠంలో రంగురంగుల బుట్టలు ఉంటాయి. తడి చెత్త ఒకదానిలో, పొడి చెత్త మరొకదానిలో వేయాలి. బుట్ట నిండిన తరువాత బండి వచ్చి తీసుకొనిపోతుంది. బండి రాని కొండ ఊరిలో ఈ పాఠం సగంలోనే ఆగిపోతుంది. పిల్లలు నియమం ప్రకారం బుట్టలో వేస్తారు, బుట్ట నిండుతుంది, చివరకు ఎవరో దానిని బడి వెనుక కుమ్మరించి నిప్పంటిస్తారు. ప్లాస్టిక్ కాలితే వచ్చే పొగ విషపూరితం. దానిని పీల్చేదీ ఆ పిల్లలే.

కొండ ఇంటిలో ఒకప్పుడు చెత్త అనే సమస్యే తక్కువ. అడ్డాకులను పుల్లలతో కుట్టిన విస్తరి తిన్న తరువాత పెంటకుప్పలో చేరి ఎరువయ్యేది. బిస్కట్టు, చిప్సు పొట్లాలు వచ్చిన తరువాత సమస్య మొదలైనది. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారవేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులను దేశమంతటా నిషేధించారు. స్ట్రాలు, కప్పులు, పళ్ళెములు, చెంచాలు ఆ జాబితాలో ఉన్నవి. పిల్లల చేతిలో కనబడే తినుబండారాల పొట్లం అందులో లేదు. ఈ సంగతి చెప్పకుండ “ప్లాస్టిక్ నిషేధించబడినది” అని చదివించితే, పుస్తకంలోని మాటకూ, సంతలో కళ్ళెదుట వ్రేలాడే పొట్లాల దండకూ పొంతన కుదరదు. అప్పుడు విద్యార్థి పుస్తకాన్ని నమ్మటం మానివేస్తాడు.

దీనికి బదులు బడి మూలలో ఐదు గుంటలు త్రవ్వించవచ్చు. ఒకదానిలో అడ్డాకు, ఒకదానిలో అరటితొక్క, ఒకదానిలో కాగితం, ఒకదానిలో చిప్సు పొట్లం, ఐదవదానిలో బజారులో అమ్మే యంత్రపు విస్తరి పాతిపెట్టాలి. ఈ చివరి రకంలో కొన్నింటికి ఆకుల అడుగున పలుచని ప్లాస్టిక్ పొర అతికించి ఉంటుంది. నెల, మూడు నెలలు, ఆరు నెలల తరువాత త్రవ్వి చూస్తే ఆకు పోయి పొర మిగిలి ఉంటుంది. ‘ఆకు విస్తరి’ అనే పేరు చూచి మోసపోరాదని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

పోడు

అన్నిటికంటె సున్నితమైనది పోడు పాఠం. అడవుల నాశనానికి కారణాలు చెప్పే పాఠాలలో పోడు వ్యవసాయం పేరు ఒక వరుసలో వచ్చి పోతుంది. మైదానపు విద్యార్థికి అది పరీక్షలో వ్రాయవలసిన ఒక కారణం మాత్రమే. పోడు కొట్టే ఇంటి బిడ్డకు అది తన తండ్రిపై మోపిన నేరం. తరగతిలో తలవంచుకొన్న పిల్లవాడు ఆ పాఠంనుంచి శాస్త్రం గ్రహించడు. తన ఇంటిని గురించి బడిలో నోరు విప్పరాదని గ్రహిస్తాడు.

ఈ లోపాన్ని సవరించిన పాఠం ఒకటి లేకపోలేదు. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 2008లో వెలువరించిన ఐదవ తరగతి పరిసరాల పుస్తకంలో ‘ఎవరి అడవులు’ అనే అర్థం గల పాఠం ఉండేది. ఝార్ఖండ్‌కు చెందిన కుడుఖ్ తెగ యువతి సూర్యమణి అడవికోసం, తన వారి భాషా సంస్కృతులకోసం చేసిన కృషి అందులో ప్రధాన విషయం. చివర మిజోరంలోని ఝూమ్ సేద్యాన్ని వర్ణించారు. పంట తీసిన తరువాత నేలను వదిలివేయటం, పెరిగినదానిని నరికి జాగ్రత్తగా కాల్చటం, దున్నకుండ విత్తనాలు వేయటం, ఒకే చేనిలో అనేక పంటలు కలపటం అక్కడ నింద లేకుండ చెప్పబడినవి. గిరిజనులను అడవి శత్రువులుగా గాక, అడవి మనుష్యులుగా చూపిన ఆ పాఠం మెచ్చదగినది.

ఐతే ఆ పాఠంలోను ఒక కొరత ఉన్నది. నేలను కొన్ని సంవత్సరాలు వదిలివేస్తారని చెప్పి ఊరుకొన్నారు. పోడులోని శాస్త్రమంతా ఆ ‘కొన్ని’ అనే మాటలోనే ఇమిడి ఉన్నది. కొమ్మలు కాలినపుడు పొటాషియం, కాల్షియం, భాస్వరం బూడిదలో మిగిలి నేలకు చేరుతాయి, పులుపు గల నేలకు ఆ బూడిద మేలు చేస్తుంది. నత్రజనిలో ఎక్కువ భాగం గాలిలో కలిసిపోతుంది. పోయిన నత్రజని, ఆకుమట్టి తిరిగి చేరటానికి, వేళ్ళు నేలను పట్టి ఉంచటానికి నేలకు విశ్రాంతి కావాలి. ఒక కుటుంబానికి పన్నెండు ముక్కల కొండ ఉండి, ఏడాదికి ఒక ముక్క చొప్పున సాగుచేస్తే ప్రతి ముక్కకు పదకొండేండ్ల విశ్రాంతి లభిస్తుంది. అదే కుటుంబానికి నాలుగు ముక్కలే మిగిలితే విశ్రాంతి మూడేండ్లు. పద్ధతి మారలేదు, మనుష్యులు మారలేదు; లెక్క మాత్రం మారినది. మూడేండ్లలో తుప్పలే గాని చెట్లు లేవవు, వానకు వాలుమీది మట్టి గెడ్డలోకి జారిపోతుంది.

ముక్కలెందుకు తగ్గినవి? జనం పెరిగారు. 1882 మద్రాసు అటవీ చట్టం తరువాత అడవికి హద్దులు పడినవి. జిల్లాకు పేరైన అల్లూరి సీతారామరాజు నడిపిన 1922–24 తిరుగుబాటుకు పోడుపై, అడవిపై పెట్టిన ఆంక్షలు ఒక ముఖ్య కారణం. 2006 అటవీ హక్కుల చట్టం సాగులో ఉన్న నేలపై హక్కును గుర్తించినది. ఈ క్రమం తెలిసిన విద్యార్థి తన తండ్రిని దోషిగాను చూడడు, నేటి పోడు అంతా నిర్దోషమనీ అనుకోడు. వాలుకు అడ్డంగా రాతి గట్లు వేసిన చేనిలో, వేయని చేనిలో వాన తరువాత గెడ్డనీటి రంగు ఎట్లా ఉన్నదో రెండు సీసాలలో పట్టి చూస్తాడు. తేరిన తరువాత అడుగున ఎంత మట్టి నిలిచినదో కొలబద్దతో కొలుస్తాడు.

ఊటను కొలిచే బకెట్టు

పై పాఠాలన్నీ చివరకు నీటి దగ్గర కలుసుకొంటాయి. ఈ కొండలలో విస్తారంగా కనబడే రాతికి ఖోండలైట్ అని పేరు. 1902లో వాకర్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు ఖోండు తెగ పేరుతో ఈ శిలను వ్యవహరించాడు. తెలుగువారు కోదులని పిలిచేది ఈ తెగనే. ప్రపంచ భూగర్భశాస్త్ర గ్రంథాలలో తమ తెగ పేరున్నదని ఆ తెగ పిల్లలకు చెప్పని పాఠం ఎంత పెద్ద అవకాశాన్ని పోగొట్టుకొంటున్నదో ఊహించవచ్చు. ఈ శిల యుగాల తరబడి వానకు, ఎండకు శిథిలమై కొన్ని కొండల నెత్తిన బాక్సైటుగా మారినది. రంధ్రాలు గల ఆ పొర వాననీటిని పీల్చుకొని, మెల్లగా ఊటలుగా క్రిందికి వదులుతుంది. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తని బొర్రా సున్నపురాతి గుహల మీదుగా ప్రవహించి, తాటిపూడి జలాశయం చేరి, విశాఖపట్నానికి నీరందిస్తున్నది. కొండ పైని ఊట సంగతి నగరంలోని కుళాయి సంగతి కూడ అన్నమాట.

ఈ కొండలపై తవ్వకాల వివాదం చిన్నది కాదు. బొర్రా ప్రాంతపు గనుల కౌళ్ళనుంచి పుట్టిన వ్యాజ్యంలోనే సుప్రీంకోర్టు 1997 జూలై 11న ‘సమత’ తీర్పు వెలువరించినది. షెడ్యూలు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం కౌలుకివ్వరాదని అందులో నిర్ణయమైనది. ఇటువంటి ప్రశ్నలు రేపు మళ్ళీ వచ్చినపుడు గ్రామసభలో కూర్చుండేది నేటి మూడవ తరగతి పిల్లలే. అప్పుడు వారి చేతిలో ఏమి ఉంటుంది? నినాదం ఉంటుందా, లెక్క ఉంటుందా?

లెక్కకు కావలసినది పది లీటర్ల బకెట్టు, గడియారం, ఒక పుస్తకం. ఉపాధ్యాయుడు వెంట ఉండగా నెలకొకసారి పిల్లలు ఊరి ఊటగొట్టం క్రింద బకెట్టు పెట్టి, ఎన్ని సెకన్లలో నిండినదో వ్రాయాలి. నవంబరులో 40 సెకన్లు పట్టినదనుకొందాం. నిమిషానికి 15 లీటర్లు, రోజుకు 21,600 లీటర్లు. ఏప్రిల్‌లో 100 సెకన్లు పడితే నిమిషానికి 6 లీటర్లు, రోజుకు 8,640 లీటర్లు. 2019లో ఆరంభమైన జల జీవన్ మిషన్ తలకు రోజుకు 55 లీటర్లు ఉండాలన్నది. రెండువందల జనం గల ఊరికి 11,000 లీటర్లు కావాలి. నవంబరులో మిగులు, ఏప్రిల్‌లో కొరత. రాత్రి వృథాగా పోయే నీటికి తొట్టి కట్టినా ఏప్రిల్ లెక్క సరిపోదు. కనుక ఊట పైభాగాన చెట్లు కొట్టరాదా, వాననీటిని కొండపైనే నిలిపే గుంటలు త్రవ్వాలా అనే చర్చ దానంతటదే బయలుదేరుతుంది. ఐదవ తరగతి గుణకారం, భాగహారం మాత్రమే ఇందులో ఉన్నవి. ‘నీటిని పొదుపు చేయండి’ అని వ్రాసిన గోడమీద నెలనెలా ఈ అంకెలు వ్రాస్తే ఆ గోడ ఊరికంతకు పాఠం చెప్తుంది.

ఎవరి మాటలో?

కొలత ఎంత ముఖ్యమో, దానిని చెప్పుకొనే మాట అంత ముఖ్యం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు తయారుచేసి, సవర పిల్లల కోసం బడులు నడిపారు. ఆయన సవర వ్యాకరణం 1931లో వెలువడినది. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా మొదలైన ఎనిమిది భాషలలో మాతృభాషా బోధన ప్రారంభించినది. ఈ ప్రయత్నాలు పరిసరాల పాఠానికి ప్రాణం వంటివి. చెట్టు పేరు ఇంటి భాషలో తెలిసి, తెలుగులో తెలియని పిల్లను ‘చెట్టు పేరు తెలియదు’ అని లెక్కించటం అన్యాయం. ఊరిలో ఏరిన ముప్పయి ఆకులను అట్టలకు అతికించి, ప్రతిదానికి ఇంటి పేరు, తెలుగు పేరు, ఉపయోగం వ్రాయిస్తే బడికి ఒక నిఘంటువు సిద్ధమవుతుంది. పేర్లు చెప్పటానికి ఊరి ముసలివారిని బడికి పిలవాలి.

ఐతే ఊరి జ్ఞానమంతా శాస్త్రమేనని పొగడటం మరొక పొరపాటు. మామిడి కొత్త జరిగేవరకు కొత్త మామిడిపండు తినరాదనే ఆచారం, పుట్టుకకు కారణం ఏమైనా, కాయ ముదిరేవరకు చెట్టును కాపాడుతుంది. ఇది గుర్తించవలసిన మేలు. ఇప్పపువ్వు ఏరటానికి వీలుగా చెట్టు క్రింది ఎండుటాకులను కాల్చే అలవాటు గల చోట, ఆ మంట లేత మొక్కలను చంపుతుంది, ఆకుమట్టిని హరిస్తుంది. ఇది మార్చుకొనవలసిన కీడు. బడి మొదటిదానికి మొక్కి, రెండవదానికి కళ్ళు మూసుకొనరాదు. రెండింటినీ ఒకే గీటురాయిమీద పెట్టాలి.

కొన్ని ఆక్షేపణలు

ఒకే ఉపాధ్యాయుడు ఐదు తరగతులను చూచే బడిలో ఇవన్నీ సాధ్యమా అని అడగవచ్చు. ఆక్షేపణ సరియైనదే. అన్నీ ఒకేసారి చేయనక్కరలేదు. ఒక సంవత్సరానికి ఊట కొలత ఒక్కటి చాలు. పెద్ద పిల్లలు కొలుస్తారు, చిన్నపిల్లలు లెక్క పెడతారు, అందరూ కలిసి చేసే పాఠమే ఒంటి ఉపాధ్యాయునికి అనుకూలం. పరీక్షలలో ఇవి రావుగదా అని మరొక ఆక్షేపణ. అంకెలు నింపిన పుస్తకానికి మార్కులు ఇచ్చే అధికారం ఉపాధ్యాయునికి ఉంటే ఆ చిక్కు తీరుతుంది. ఆ అధికారం ఇవ్వటం పైవారి పని. సామగ్రి లేదనే ఆక్షేపణ మాత్రం నిలువదు. బకెట్టు, సీసా, కొలబద్ద లేని ఊరు లేదు.

ఉన్నత పాఠశాలలకు కూడ ఇందులో పని ఉన్నది. ప్రాథమిక బడి పిల్లలు మూడేండ్లు వ్రాసిన ఊట లెక్కలను తొమ్మిదవ తరగతి విద్యార్థులు గ్రాఫు కాగితంపై గీయవచ్చు, మండల వర్షపాతంతో పోల్చవచ్చు. వాన సమానంగా కురిసిన రెండేండ్లలో ఊట వేరువేరుగా ఉంటే కారణం ఎక్కడో కొండపై ఉన్నది. అక్కడికి వెళ్ళి చూడాలని విద్యార్థులకు తోచిన రోజున, ఆ పాఠం పుస్తకం దాటి బయటకు వచ్చినట్లు లెక్క.

మొక్క నాటటం మానవలసిన పనిలేదు, గోడ మీద వ్రాయటం మానవలసిన పనీ లేదు. నాటినదానిని లెక్కించాలి, కొలిచినదానిని వ్రాయాలి. వచ్చే జూలైలో ఏదైనా కొండబడిలో వనమహోత్సవం జరిగినపుడు, క్రిందటి సంవత్సరం నాటిన మొక్కలలో ఎన్ని ఉన్నవని ఒక పిల్ల లేచి అడిగి, జవాబు కోసం తన పుస్తకమే తెరిస్తే, ఆ బడిలో పరిసరాల విజ్ఞానం మొదలైనదని చెప్పవచ్చు.